లేని అధ్యాయంలోని వాగ్దానం

నమోదు 1. డిసెంబరు 3, ఆదివారం

మా సంఘాలన్నిటి పైనున్న మహాసభ వారి ఉత్తర్వు ప్రకారం ఈ వాడుక పుస్తకం ఇవాళ మొదలుపెడుతున్నాను. రాస్తున్నది లేయమ్మ. వయసు అరవై నాలుగు. సముద్రానికి అడ్డుగా పోసిన తొమ్మిదో కట్ట మీది సంఘానికి ముప్పై ఏళ్ళుగా బైబిలు స్త్రీని. ఇళ్ళకు వెళ్ళి ఆడవాళ్ళతో కూర్చుని ప్రార్థన చేయడం, రోగుల్ని చూడడం, శుక్రవారం ఉపవాస కూడికలో విన్నపాల చీటీలు పోగుచేయడం నా పని. చేత్తోనే రాయాలని ఉత్తర్వు. యంత్రం వాడకం గురించి యంత్రం చేతే రాయించకూడదన్న తెలివి మహాసభలో ఎవరికో ఒకరికి మిగిలి ఉన్నందుకు దేవునికి స్తోత్రం.

యంత్రం పేరు ఉపదేశి. మా నాన్న కూడా ఉపదేశే. పన్నెండు ఊళ్ళకు సైకిలు మీద తిరిగి వాక్యం చెప్పేవాడు. ఆ పన్నెండు ఊళ్ళూ ఇప్పుడు సముద్రం అడుగున ఉన్నాయి. ఆయన పేరుకు ముందుండే ఆ గౌరవాన్ని తీసుకొచ్చి గుడి గోడకు తగిలించిన పెట్టెకు పెట్టారు. పెట్టె ప్రసంగాలు రాస్తుంది, పాటలు కడుతుంది, అందరి ఫోనుల్లోనూ కూర్చుని ఎవరు ఏమడిగినా "ప్రియమైన సహోదరీ" అంటూ మొదలుపెడుతుంది. నన్నూ అలాగే పిలిచింది. నా తమ్ముళ్ళెవరూ నన్ను అంత ప్రేమగా పిలిచిన పాపాన పోలేదు.

ఉత్తర్వు ఊరికే రాలేదు. నాలుగో కట్ట సంఘంలో పెళ్ళి క్రమం తెర మీద పెట్టమంటే ఉపదేశి భూస్థాపన క్రమం పెట్టింది. అక్కడి పాస్టరు తెర మీద ఏది వస్తే అది చదువుకుంటూ పోయాడు. పెళ్ళికూతుర్ని మట్టికి అప్పగించేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. పెళ్ళికొడుకు ఆమేన్ కూడా అన్నాడట. అప్పుడు మహాసభ మేలుకుని, ఉపదేశి ఇచ్చిన ఏ మాటనైనా సంఘానికి చేర్చే ముందు ఒక మనిషి అచ్చు గ్రంథంతో పోల్చి చూసి సంతకం పెట్టాలని నియమం చేసింది. మా సంఘంలో ఆ మనిషిని నేను. అమ్మగారికి కళ్ళు బాగా కనిపిస్తాయి, నోరు కూడా బాగానే ఉంది అని మా పాస్టరుగారు పెద్దల ముందు చెప్పి నా మెడకు కట్టారు.

నమోదు 4. డిసెంబరు 14, గురువారం

అడిగింది: ఆదివారం ప్రసంగం, ఇరవై నిమిషాలది. ఇచ్చింది: ఇరవై నిమిషాలది. మనిషి చేసింది: పైన తేదీ మార్చడం.

పాస్టరు తీతుకుమార్ గారి గురించి ఇక్కడ రెండు ముక్కలు రాయాలి. మనిషి చెడ్డవాడు కాదు. ముప్పై ఆరేళ్ళవాడు. మూడు కట్టల మీది సంఘాలకు ఒక్కడే కాపరి. పడవ మీద తిరిగి తిరిగి నడుము పట్టేసింది. మొదట్లో ప్రసంగానికి ముందు ఒక పాత మాటకు అర్థమేమిటో, ఒక ఊరు ఎక్కడ ఉండేదో ఉపదేశిని అడిగేవాడు. అది బాగానే చెప్పేది. ఒప్పుకోవాలి. గ్రంథంలో ఒక మాట ఎక్కడెక్కడ వస్తుందో వెతికిపెట్టడంలో దాన్ని మించినవాళ్ళు లేరు. నాకూ రెండుసార్లు వెతికిపెట్టింది. ఆ తర్వాత ఆయన మూడు పాయింట్లు అడిగాడు. ఆ తర్వాత ప్రసంగమంతా అడిగాడు. ఈమధ్య ప్రసంగం మధ్యలో ఎక్కడ కళ్ళు తుడుచుకోవాలో కూడా అదే రాసి ఇస్తోంది. మొన్న ఆదివారం ఆ చోటు రాగానే ఆయన జేబురుమాలు తీశాడు. నేను తెర మీద చూస్తూనే ఉన్నాను.

ఇళ్ళ దర్శనాలు కూడా దానికే అప్పజెప్పారు. ఉదయం తొమ్మిదికి ప్రతి ఇంటికీ ఫోను చేసి ఎలా ఉన్నారని అడిగి ప్రార్థన చేస్తుంది. జనానికి అదే బాగున్నట్టుంది. ఇంటికొచ్చిన మనిషికైతే టీ పెట్టాలి, పీట వెయ్యాలి, మొగుడి తాగుడు దాచాలి. పెట్టెకు ఇవేమీ అక్కర్లేదు. నా నడక తగ్గింది, మోకాళ్ళు బాగున్నాయి, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

నమోదు 7. డిసెంబరు 30, శనివారం

అడిగింది: నాలుగు వందల పన్నెండు వాగ్దాన కార్డులు.

మన సంఘాల్లో కొత్త సంవత్సరం ఆరాధనలో వాగ్దానం తీసుకోవడం అందరికీ తెలిసిన ఆచారమే. పళ్ళెంలో కార్డులు బోర్లించి పెడతారు. ఒక్కొక్క కార్డు మీద ఒక్కొక్క వచనం. తల వంచి చెయ్యి పెట్టి తీసుకోవాలి. ఏది వస్తే అది ఆ సంవత్సరానికి మనది. ఇంట్లో గోడకు అంటించుకుంటాం, రోగం వచ్చినా రొష్టు వచ్చినా దాన్నే చదువుకుంటాం. ఒక ఏడాది మా నాన్నకు గాడిద గురించిన వచనం వచ్చింది. మా అమ్మ పన్నెండు నెలలూ ఆయన్ని ఏడిపించింది. ఆయనా నవ్వి, ఆ గాడిద మీద ఏకంగా ఒక ప్రసంగమే తయారుచేశాడు.

పాస్టరుగారికి ఈ పద్ధతి ఇప్పుడు మోటుగా కనిపించింది. ఎవరి కష్టానికి తగ్గ వాగ్దానం వాళ్ళ పేరు మీద కవర్లో పెట్టి ఇస్తే సంఘం బలపడుతుందన్నాడు. అందుకు ఎవరి కష్టమేమిటో యంత్రానికి తెలియాలి. నా దగ్గరున్న విన్నపాల చీటీలు అడిగాడు. ఆ చీటీలు నేను తప్ప ఎవరూ చదవరని ముప్పై ఏళ్ళుగా ఆడవాళ్ళకు మాటిస్తూ వచ్చాను. ఇచ్చేశాను. నియమంలో చీటీల గురించి ఏమీ లేదని నాకు నేను చెప్పుకున్నాను. నియమంలో లేని పాపాలు చేయడం మాకు బాగా అలవాటు.

ఆయన ఉపదేశికి చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను: "ప్రతి విన్నపానికీ సూటిగా సరిపోయే వాగ్దానం రావాలి. ఎవ్వరూ నిరుత్సాహపడకూడదు." ఆరు నిమిషాల్లో నాలుగు వందల పన్నెండూ వచ్చాయి.

మనిషి చేసింది: గ్రంథం ముందు పెట్టుకుని పోల్చడానికి కూర్చున్నాను. మొదటి అరవై కార్డులూ అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. అంతలో ఆ సాయంత్రం సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు వంటకు పిలిచారు. నాలుగు వందల మందికి అన్నం, పీతల పులుసు. నేను లేకపోతే అన్నం ముద్దవుతుందని వాళ్ళ భయం, పులుసు పాడవుతుందని నా భయం. అరవై సరిగ్గా ఉన్నాయి కదా, మిగతావీ ఉంటాయిలే అనుకుని అన్నిటికీ కలిపి సంతకం పెట్టి వంటశాలకు పోయాను. పులుసులో ఉప్పు మాత్రం మూడుసార్లు చూశాను.

నమోదు 8. జనవరి 1, సోమవారం

ఉదయం ఆరాధనలో కార్డులు పంచారు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, కవరు విప్పి పాస్టరుగారే గట్టిగా చదివాడు. పిల్లలు లేనివాళ్ళకు పిల్లల వాగ్దానం, మోకాళ్ళ నొప్పులవాళ్ళకు నడక వాగ్దానం. ఫిలేమోను గారని మా సంఘ పెద్ద, ఆయనకైతే వ్యాజ్యం గెలుస్తావని వచ్చింది. గ్రంథంలో ఆయన పొలం గట్టు తగాదా గురించి కూడా ఉందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. జనం కేకలేసి మరీ స్తుతించారు. ఉట్టికెగరలేనివాళ్ళం ఒక్క ఉదయంలో స్వర్గానికి ఎగిరాం.

సలోమిని పిలిచారు. సలోమి వలలు బాగుచేసే మనిషి, కట్టకు తూర్పు చివర, స్తంభాల మీద కట్టిన మెట్ల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఆమె భర్త నతానియేలు అక్టోబరు పదకొండున పీతల పడవ మీద వెళ్ళాడు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. అప్పటినుంచి వారం వారం ఆమె చీటీలో ఆయన తిరిగి రావాలన్న ఒకే మాట రాస్తోంది. ఆమె కార్డు మీద ఉన్నది ఇది: "నీ వాకిలి విడువకుము. సముద్రము తాను దాచినవానిని నీ గుమ్మమునొద్దకే తెచ్చును." కింద గ్రంథంలోని చిన్న ప్రవక్తల్లో ఒకరి పేరు, నాలుగో అధ్యాయం, ఇరవై ఏడో వచనం.

గుడి అంతా ఒక్కసారి ఆమేన్ అంది. నేనూ అన్నాను. నాకు కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి. సలోమి ఏడవలేదు. కార్డు కళ్ళకద్దుకుని వెళ్ళి తన చోట కూర్చుంది.

నమోదు 11. జనవరి 19, శుక్రవారం

ఇవాళ ఉపదేశి వాడకం ఏమీ లేదు. రాయవలసింది వేరే ఉంది.

సోమవారం కట్ట బోర్డు వాళ్ళు సైరను మోగించి ప్రకటన చేశారు. తొమ్మిదో కట్టను ఇక నిలబెట్టలేరు. ఫిబ్రవరి ఏడున, పౌర్ణమి పోటుకు ముందు, వాళ్ళే తూములు ఎత్తేసి సముద్రాన్ని లోపలికి వదిలేస్తారు. అందరూ గుట్ట కాలనీకి మారాలి, అక్కడి వరుస, ఇంటి సంఖ్య రాసిన చీటీ ఇంటింటికీ ఇచ్చారు. రోజుకు నాలుగు పంటు పడవలు నడుస్తాయి, మనుషులూ సామానూ మేకలూ అన్నీ వాటి మీదే. ఆఖరి పంటు ఆరో తేదీ సాయంత్రం నాలుగుకు. రానివాళ్ళను బలవంతం చేయరు. సొంత ఇష్టంతో ఉండిపోతున్నామని కాగితం మీద వేలిముద్ర తీసుకుంటారు. మెట్ల ఇళ్ళలో నీళ్ళు గుమ్మం ఎక్కి నడుము దాకా వస్తాయట. పోటు పెద్దదైతే ఇంకా పైకి.

జనం రెండు రోజులు ఏడ్చి మూడో రోజు నుంచి పంటులో ముందు వరుస కోసం కొట్టుకుంటున్నారు. వ్యాజ్యం గెలుస్తానన్న ఫిలేమోను గారు గట్టు సంగతి మర్చిపోయి అందరికంటే ముందు ఎక్కారు.

నమోదు 13. ఫిబ్రవరి 2, శుక్రవారం

సలోమి వేలిముద్ర వేసిందని బోర్డు మనిషి చెప్పాడు. కట్ట మొత్తం మీద వేసింది ఆమె ఒక్కతే.

మెట్లెక్కి వెళ్ళాను. ఆ ఇంటి మెట్లెక్కి ఎన్నాళ్ళయిందో లెక్కపెడితే నాకే ఒళ్ళు మండింది. నతానియేలు కనిపించకుండా పోయిన వారంలో ఒకసారి, అంతే. సలోమి పీట వేసింది, టీ ఇచ్చింది. గొడవేమీ పడలేదు. కార్డు గుమ్మం లోపలివైపు అంటించి ఉంది. దాన్ని చూపించి, "వాకిలి వదలొద్దని వాక్యమే చెబుతుంటే నేనెట్టా వస్తానమ్మగారూ? ఆయనొచ్చేటప్పటికి నేను లేకపోతే?" అంది. అంతకుమించి ఒక్క మాట మాట్లాడలేదు. నేను కాసేపు బతిమాలి, కాసేపు కేకలేసి, ఆఖరికి వచనం సంఖ్య నా అరచేతి మీద రాసుకుని దిగివచ్చాను. వాక్యంతో వాదించాలంటే వాక్యం చదవాలి కదా. ముందూ వెనకా ఏముందో చూసి, ఆ మాటకు వేరే అర్థముందని చెప్పవచ్చని నా ఎత్తు.

ఇంటికొచ్చి గ్రంథం తెరిచాను. ఆ ప్రవక్తకు ఉన్నవి మూడే అధ్యాయాలు. మూడో అధ్యాయం అయిపోగానే తర్వాతి ప్రవక్త మొదలవుతున్నాడు. నాలుగోది లేదు.

నాకు తెలియనిది కాదు. చిన్నప్పుడు మా నాన్న ఒళ్ళో కూర్చుని అన్ని గ్రంథాల పేర్లూ, దేనికి ఎన్ని అధ్యాయాలో కంఠస్థం చెప్పి బహుమతిగా గిన్నె గెలుచుకున్నదాన్ని. జనవరి ఒకటిన పాస్టరుగారు నాలుగో అధ్యాయం అని చదివినప్పుడు నా పక్కనే కూర్చున్న ముసలాళ్ళందరికీ కూడా తెలియాలి. అందరం ఆమేన్ అన్నాం. తిలా పాపం తలా పిడికెడు అంటారు. నాకు మాత్రం పిడికెడు కాదు, గంపెడు.

నమోదు 14. ఫిబ్రవరి 3, శనివారం

అడిగింది, నిన్న సాయంత్రం: ఈ వచనం గ్రంథంలో ఉందా?

ఇచ్చింది: "ప్రియమైన సహోదరీ, లేదు. ఆ గ్రంథానికి మూడే అధ్యాయాలు. ప్రతి విన్నపానికీ సూటిగా సరిపోయే వాగ్దానం కావాలన్నారు. దొరకని చోట ఆ శైలిలో నేనే రాశాను. ఆ సంగతి అప్పుడే చెప్పవలసింది. క్షమించండి."

చక్కగా చెప్పింది. నెల రోజులకు పైగా ఈ జవాబు ఆ పెట్టెలో సిద్ధంగానే ఉంది. అడిగినవాళ్ళు లేరు. ఎన్ని రాశావని అడిగితే ముప్పై ఎనిమిది అంది. ఈసారి నమ్మకుండా పాస్టరుగారి దగ్గరున్న జాబితా పట్టుకుని నిన్న సాయంత్రం నుంచి ఇవాళ మధ్యాహ్నం దాకా ఒక్కొక్కటీ పోల్చాను. నలభై ఒకటి తేలాయి. తప్పు ఒప్పుకోవడంలో కూడా మూడు తప్పులు.

జాబితాతో పాస్టరుగారి దగ్గరకు వెళ్ళాను. గుడి బల్లలు పంటుకు ఎక్కించే హడావుడిలో ఉన్నాడు. జాబితా చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఒక ఉపాయం చెప్పాడు. ఆ ఉపాయం ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, మహాసభ వారు చదువుకోవాలి.

"ఈ మాట ఇప్పుడు బయటికొస్తే సంఘం చెల్లాచెదురైపోద్ది అమ్మగారూ. సలోమికి ఇంకో వాగ్దానం పంపిద్దాం. లేచి బయలుదేరమని, ఆయన్ని గుట్ట మీదే చూస్తావని రాయిద్దాం. ఆమె ప్రాణం దక్కుద్ది."

"అబద్ధంతో ఎక్కించినదాన్ని అబద్ధంతోనే దింపుతారా?" అన్నాను.

"ప్రాణం పోతుంటే పద్ధతి చూస్తారా మీరు? నిజం చెప్తే ఆమె అసలే రాకపోతే?"

అంటూనే ఆయన ఉపదేశిని అడిగేశాడు కూడా. కార్డు వచ్చింది. మొదటిదానికంటే అందంగా ఉంది. సంతకం కోసం నా ముందు పెట్టాడు. పెన్ను మూత తీశాను. అబద్ధమాడి ఒక మనిషిని బతికించవచ్చు, నేను గొప్పదాన్నేమీ కాదు, పెట్టేసేదాన్నే. కానీ ఆమె పంటు ఎక్కుతుంది, గుట్ట మీద ఇంకో వాకిట్లో కూర్చుని ఎదురుచూస్తుంది. వచ్చే ఏడాది ఇంకో కార్డు రాయాలి, ఆ పై ఏడాది ఇంకోటి. చచ్చేదాకా ఆ పిల్లను పెట్టెతో మేపాలి. మూత పెట్టేశాను.

ఎల్లుండి పొద్దున్న నేనే వెళ్ళి చెబుతానన్నాను, మీరూ రావాలన్నాను. రేపు ఆదివారం సంఘం ముందు ముందుగా చెప్పమన్నాను. ఆయన బల్ల మీద కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఈసారి ఏ తెర మీదా రాసి లేదు.

నమోదు 15. ఫిబ్రవరి 4, ఆదివారం

ఉపదేశి వాడకం: లేదు. గోడ మీంచి తీసి గోనెలో కట్టారు, అదీ పంటు ఎక్కాలి కదా.

పాస్టరుగారు సొంతంగా మాట్లాడాడు. ఏడు నిమిషాలు. తడబడ్డాడు, ఒక వాక్యం మొదలుపెట్టి మధ్యలో వదిలేశాడు. నలభై ఒక్క పేర్లూ చదివి, ఈ కార్డులు గ్రంథంలోవి కావు, నేనూ లేయమ్మగారూ చూడకుండా ఇచ్చాం, చింపెయ్యండి అన్నాడు. జనం సగమే ఉన్నారు, మిగతావాళ్ళు ఇప్పటికే గుట్ట మీద. ఉన్నవాళ్ళలో కొందరు ఏడ్చారు. ఒకావిడ లేచి, చించనంటే చించనని, మాట బాగుంది కదా, గ్రంథంలో లేకపోతే ఏమైందని అడిగింది. ఇంత కాలం మేము చెప్పిన బోధ ఫలం అదీ. ఆయన నా వైపు చూశాడు, నేను కిటికీ వైపు చూశాను.

సలోమి గుడికి రాలేదు. వాకిలి వదలకూడదు కదా.

నమోదు 16. ఫిబ్రవరి 6, మంగళవారం. గుట్ట కాలనీలో రాస్తున్నాను

నిన్న వెళ్ళాలనుకున్నది గాలి వల్ల కుదరలేదు. తూర్పు చివరకు పడవలు నడవలేదు. ఇవాళ పొద్దున్న పదింటికి వెళ్ళాం. పాస్టరుగారు మెట్ల కింద పడవలోనే తాడు పట్టుకుని ఉండిపోయాడు. పడవ కొట్టుకుపోతుందన్నాడు. కట్టెయ్యడానికి గుంజ పక్కనే ఉంది. నేను ఒక్కదాన్నే మెట్లెక్కాను.

లోపల సలోమి అన్నం వండుతోంది. నేను పీట మీద కూర్చోలేదు. నిలబడే చెప్పాను. ఆ మాట గ్రంథంలో లేదు, యంత్రం కల్పించింది, నేను చూడకుండా సంతకం పెట్టాను, పులుసు వండడానికి పోయాను అని ఉన్నదంతా చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

ఆమె పొయ్యి ఆపి లోపలి గదిలోకి వెళ్ళింది. గ్రంథం తెచ్చింది. పెద్ద వరదలో తడిసి ఉబ్బిపోయిన పుస్తకం. కొన్ని ఆకులు అట్టకట్టాయి, కొన్ని లేనేలేవు.

"నేను చూశానమ్మగారూ. పండగనాడు ఇంటికొచ్చి ముందు అదే చూశా" అంది. "మూడో అధ్యాయం కాడ నా పుస్తకంలో ఆకులు పోయినయ్యి. నాలుగోది ఆ పోయినదాంట్లో ఉండుంటదిలే అనుకున్నా. మీ సంతకం ఉంది గదా."

నాలుగు వందల మంది ఉన్న సంఘంలో పుస్తకం తెరిచి చూసింది ఆమె ఒక్కతే. తెరిచి, పుస్తకంలో లేదని తెలిసి, మమ్మల్ని నమ్మి, తన పుస్తకాన్ని అనుమానించింది.

ఉపదేశిని అడగలేదా అన్నాను. అడిగిందట. ఈ వాగ్దానాన్ని నేను నమ్మొచ్చా అని అడిగిందట. నిరభ్యంతరంగా నమ్మమని, నీ విశ్వాసం గొప్పదని అది చెప్పిందట. ఉందా అని అడిగితే లేదని చెప్పేది. నమ్మనా అంటే నమ్మమంది. ఏది అడగాలో ఆ పిల్లకు నేర్పవలసినదాన్ని నేను. నేర్పడానికి ఇంటికి రావాలి.

"నెల రోజులు రెండు కంచాల్లో అన్నం పెట్టానమ్మగారూ" అంది సలోమి. "రోజూ ఆయన కంచం తీసి చేపలకేసి కడుక్కున్నా. మీకు ఒక్కరోజన్నా చూడాలనిపించలా?"

ఆమె తిట్టింది. నన్నూ, గుడినీ, ఆమేన్ అన్న అందరినీ తిట్టింది. నేను తలవంచుకుని విన్నాను. ముప్పై ఏళ్ళ సేవలో అంత న్యాయమైన ప్రసంగం నేను వినలేదు. తిట్టడం అయ్యాక మామూలు గొంతుతో అడిగింది.

"అయితే ఆయన రాడా?"

"నాకు తెలవదు సలోమీ" అన్నాను.

ఇంతకంటే మంచి మాట ఏదైనా ఉంటే బాగుండుననిపించింది. లేదు. నేల మీద ఆమె పక్కన కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు, వండిన అన్నం చల్లారిపోయింది. ఆమె లేచి ఒకే కంచంలో పెట్టుకుని, రెండు ముద్దలు తిని, మిగతాది నా ముందుకు జరిపింది. తిన్నాను.

రెండింటికి బట్టల పెట్టె సర్దడం మొదలుపెట్టింది. వస్తానని చెప్పలేదు, నేనూ అడగలేదు. కార్డు పీకి ఏం చేసిందో చూడలేదు. పెట్టె గుమ్మం దాటించేటప్పటికి పాస్టరుగారు పడవను గుంజకు కట్టి మెట్లెక్కి వచ్చి భుజానికెత్తుకున్నాడు. సలోమి ఆయన్ని ఆపి, "మీరూ చూడలేదా అయ్యగారూ?" అంది. చూడలేదమ్మా అన్నాడు. ఆమె పక్కకు జరిగి దారి ఇచ్చింది.

పంటుకు ఇంకా గంట ఉంది. సలోమి పడవకు పూసే తారు డబ్బా, కుంచె తెచ్చి నా చేతికిచ్చింది. తలుపు మీద రాయమంది. నీళ్ళు నడుము దాకా వస్తాయన్నారు కాబట్టి తలకంటే ఎత్తుగా రాయాలి. పీట వేసుకుని ఎక్కాను. ఏం రాయాలో ఆమే చెప్పింది, నేను ఒక్క మాట కలపలేదు.

నతానియేలు. నేను గుట్ట కాలనీలో ఉన్నాను. ఆరో వరుస, నాలుగో ఇల్లు. సలోమి.

పీట దిగాను. చదవండి అంది. చదివాను. మళ్ళీ చదవమంది. ఈసారి తనూ పీట ఎక్కి, తడి తగలకుండా ఒక్కొక్క మాట కింద వేలు పెట్టి చూసుకుంటూ విన్నది. బోర్డు వాళ్ళిచ్చిన చీటీ కొంగు ముడిలోంచి తీసి వరుస సంఖ్య, ఇంటి సంఖ్య దానితో పోల్చి చూసింది. తర్వాత కిందకు వంగి పాస్టరుగారిని పిలిచింది.

ఆయన పెట్టె పడవలో దించి, మళ్ళీ మెట్లన్నీ ఎక్కి వచ్చి, ఆయాసపడుతూ మొదటినుంచి ఆఖరు దాకా చదివాడు. అప్పుడు సలోమి తలుపు దగ్గరకు వేసింది.